రెండు వందల పన్నెండో నంబరు ఊపిరి

రాతిపొడి మిల్లు గేటు దగ్గర ముప్పై నాలుగేళ్ళు టోకెన్ల గుమస్తాగా పనిచేసి, పదకొండేళ్ళ కిందట రిటైరై, ప్రస్తుతం వంతెన పక్క వీధిలో రెండు గదుల సొంత ఇంట్లో ఒంటరిగా ఉంటున్న నేను, వయస్సు అరవై తొమ్మిది, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు రాసినవేవీ లేవు. గుండె బలహీనపడిందనీ కాళ్ళలో నీరు చేరుతోందనీ డాక్టరు చెప్పాడు. బుర్ర మాత్రం నిక్షేపంలా ఉంది. లేకపోతే బాగుండునని అనుకున్న రోజులు కూడా ఉన్నాయి.

వీలునామా అంటే మనిషి పోయాక విప్పి చదివేది. దీన్ని మాత్రం నేను ఉండగానే చదవాలి. వచ్చే నెల ఒకటో తేదీన మిల్లులో ఊదుడు పరీక్ష ఉంది. దానికి ముందు వచ్చే ఆదివారం పొద్దున, మా చెల్లెలి ఇంట్లో, చెల్లెలూ మేనకోడలూ ఇద్దరూ కూర్చుని ఉండగా, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి. నేనే చదువుదును గానీ నాలుగు మాటలు వరసగా అంటే ఆయాసం వస్తోంది. పైగా నాకంత ధైర్యమూ లేదు. ఎదురుగా నిలబడి చెప్పగలిగితే పన్నెండేళ్ళ కిందటే చెప్పి ఉండేవాణ్ని, ఈ స్టాంపు కాగితాల ఖర్చు తప్పేది.

1. దీన్ని చదివి, అమలు జరిపే బాధ్యత మిల్లు ఆస్పత్రి మాజీ కాంపౌండరు గారికి అప్పగిస్తున్నాను. ఆయన గుమ్మం ఎక్కగానే మా చెల్లెలు లేచి లోపలికి వెళ్ళిపోతుందని నాకు తెలుసు. వెళ్ళకమ్మా. ఈ ఒక్కసారికి కూర్చో. ఆయన వీధిలో కనిపిస్తే నువ్వు మొహం తిప్పుకుని అటు పక్కకు వెళ్ళిపోవడం పన్నెండేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఆయన్ని నువ్వు తిట్టిన తిట్లలో ఒక్కటి కూడా ఆయనది కాదు. ఎవరివో నాలుగో అంశంలో తెలుస్తుంది.

ఆయన సాక్షి సంతకం కూడా చేస్తారు. సాక్షికి వీలునామాలో ఏమీ రాయకూడదట, చట్టం ఒప్పుకోదట. కాబట్టి ఆయనకు ఏమీ రాయడం లేదు. నా రేడియో నిన్ననే చేతికిచ్చేశాను. దాని మీద ఎవరూ దావా వేయకండి.

2. రిటైరైన రోజున మిల్లు వారు దండ వేసి, చప్పట్లు కొట్టి, బహూకరించిన గోడ గడియారం. ఇది వారం తిరక్కుండా ఆగిపోయింది. దీన్ని మిల్లు ఆఫీసుకు తిరిగి అప్పగించవలసింది. లోపలి బ్యాటరీ నా సొంత డబ్బుతో వేసింది, అది తీసుకుని మరీ ఇవ్వాలి.

3. నా పేరున బ్యాంకులో ఉన్న డిపాజిట్ల సంగతి. ఇవి తొమ్మిది. ఒక్కొక్కటీ ఒక్కో ఏడాదిది. నా నెల పింఛను వేరు, అది తిన్నాను, అయిపోయింది. ఈ తొమ్మిదీ ఏటా ఒకసారి పింఛను ఫండు వారు పచ్చ కవరులో పంపే మిగులు పంపకం డబ్బు. నిజానికి పదకొండు రావాలి. మొదటి రెండిటినీ ఖర్చు పెట్టేశాను. ఒకదాంతో సీలింగ్ ఫ్యాను కొన్నాను. రెండోదాంతో నాకొక చేతి గడియారం, మా ఆవిడకు రెండు మంచి చీరలు. ఇద్దరం సినిమాకు కూడా వెళ్ళాం.

మూడో కవరు వచ్చినప్పుడు, అసలీ మిగులు ఎలా వస్తోందని ఫండు ఆఫీసు కౌంటరులో అడిగాను. అక్కడి సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు, చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేంత ఓపికగా చెప్పాడు. "ఫండు ఇప్పుడు చాలా ఆరోగ్యంగా ఉందండీ. మీ బ్యాచ్‌లో పొడి షెడ్డు వాళ్ళు ఎక్కువ కాలం బతకలేదు కదా, వాళ్ళ తరఫున మిల్లు కట్టిన వాటా అంతా ఫండులోనే ఉండిపోయింది. అదే మీలాంటి వాళ్ళకి పంచుతున్నాం." ఇంకో పదేళ్ళు ఢోకా లేదని కూడా అన్నాడు, నన్ను సంతోషపెట్టడానికి.

టీ సగంలో వదిలేసి వచ్చేశాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆవిడ ఆ రోజు నుంచి పోయేదాకా ఆ ఫ్యాను కింద పడుకుని, స్విచ్చి వేయకుండా విసనకర్రతో విసురుకుంది. నేను వేస్తే లేచి కట్టేసేది. ఆరేళ్ళయింది ఆవిడ పోయి. నేనూ ఇప్పటికీ వేయను. ఆ ఫ్యానును ఊడదీసి ఏదైనా ఆస్పత్రికి ఇవ్వండి. చేతి గడియారం కూడా.

4. ఇది ఆస్తికి సంబంధించిన అంశం కాదు. అయినా వీలునామాలోనే రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ రాసినదాన్ని ఇద్దరు సాక్షుల ముందు ఒప్పుకోవాలి, తర్వాత కాదనడానికి వీల్లేదు.

మిల్లులో రాయి నలిగి పిండయ్యేచోటును పొడి షెడ్డు అంటారు. అక్కడ జీతం ఎక్కువ, ఎందుకంటే అక్కడి పొడి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆర్నెల్లకోసారి బయటి నుంచి ఒక డాక్టరమ్మ మిషను పట్టుకుని వచ్చేది. గొట్టంలోకి మూడుసార్లు బలంగా ఊదాలి. సూది ఎర్రగీత దాటితే ఫిట్టు. దాటకపోతే తేలిక పని కార్డు చేతికిస్తారు. అంటే గోతాల హాల్లో కూర్చుని సంచుల మూతులు కుట్టే పని, జీతంలో మూడో వంతు కోత. పింఛనేమో యాభై ఎనిమిదికి రిటైరయ్యాక, చివరి మూడేళ్ళ జీతం సగటు మీద కడతారు. అందుకని యాభై అయిదు దగ్గర పడ్డవాళ్ళు దగ్గుకు భయపడేవాళ్ళు కాదు, ఆ గీతకు భయపడేవాళ్ళు. ఒంట్లో బాగులేదని ఒప్పుకుంటే జీతం పోతుంది, జీతం పోతే పింఛను పోతుంది. ముసలితనానికని దాచుకున్న నాలుగు డబ్బులేమో మిల్లు డాక్టరుకు తెలియకుండా బయట కొనే మందులకే అయిపోయేవి. ఆ పింఛను తినడానికి ముందు మనిషంటూ ఉండాలి కదా అన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అంత లెక్కలు తెలిసిన గుమస్తాని అయ్యుండి.

నేను గేటు దగ్గర కిటికీ పక్కన కూర్చునేవాణ్ని. నా ఒంట్లోకి పొడి పోలేదు. టీ బడ్డీలో పొయ్యి ఆరిపోతే నన్ను పిలిచేవాళ్ళు, ఒక్క ఊదుకే మంట లేచేది. అందుకని మిల్లంతా నన్ను తిత్తి అనే పిలిచేది. కొలిమి దగ్గర తిత్తి ఎంతో నేనంత అని. ఆ పేరు నాకు బాగానే నచ్చేది.

మా చెల్లెలి భర్తకు, అంటే మా బావకు, యాభై నాలుగున్నర ఏళ్ళప్పుడు షెడ్డు మెట్లు రెండు విడతల్లో ఎక్కడం మొదలైంది. ఒకరోజు చెల్లెలు క్యారేజీ తెచ్చి గేటు దగ్గర ఇస్తూ, ఈ మూడేళ్ళూ ఎలాగో గట్టెక్కితే చాలన్నయ్యా అంది. అంతే అంది. నన్నేమీ చేయమనలేదు. ఇది బాగా గుర్తుపెట్టుకోమ్మా, నువ్వు అడగలేదు. ఆలోచన నాది. టోకెను బోర్డు నా చేతిలో ఉంది, గట్టి ఊపిరి నా దగ్గరుంది. పరీక్ష రోజున బోర్డు మీంచి రెండు వందల పన్నెండో నంబరు ఇత్తడి బిళ్ళ తీసుకుని, టోపీ పెట్టుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, వరసలో నిలబడ్డాను. డాక్టరమ్మకు మనుషులు తెలియరు, బిళ్ళలే తెలుసు. గుడ్డ కొంచెం పైకెత్తి గట్టిగా ఊదాను. సూది గీత దాటి చాలా దూరం పోయింది. వెరీ గుడ్ అంది ఆవిడ.

నంబరు పిలిచి పుస్తకంలో రాసేది కాంపౌండరు గారు. ఆయన బిళ్ళ చూశారు, నా మొహం చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ తర్వాతే ఫిట్టు అని రాశారు. ఎందుకు రాశారని చాలా ఏళ్ళ తర్వాత అడిగాను. ఒక మనిషి పింఛను నా కలంతో కోయడమెందుకులే అనుకున్నానన్నారు. ఆయన తప్పు అంతవరకే.

అలా బావ కోసం ఏడుసార్లు ఊదాను. సంగతి పాకింది. తర్వాత ఇంకో ఎనిమిది మంది కోసం ఊదాను. ఒక్క పూటలో నాలుగు బిళ్ళల మీద ఊదిన రోజు కూడా ఉంది, కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. పుణ్యం చేస్తున్నాననుకున్నాను. టీ బడ్డీ దగ్గర నా చేత డబ్బులిప్పించుకునేవాడే లేడు. ఆ టీలు తాగుతుంటే గర్వంగా ఉండేది, దాచిపెట్టడమెందుకు.

బావ యాభై ఎనిమిది నిండటానికి మూడు నెలల ముందు షెడ్డు మెట్ల మీద కూలబడ్డాడు. ఆస్పత్రిలో పదకొండు రోజులున్నాడు. ఒక మధ్యాహ్నం చెల్లెలు మందులకని కిందికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరకు రమ్మని సైగ చేశాడు. నవ్వుతూనే అన్నాడు. "బావా, నా నంబరు మీద నువ్వు ఊదిందాంట్లో కాస్తేమైనా మిగిలుంటే, ఇప్పుడు ఇయ్యి." అదొక వేళాకోళం. ఆయన ఎప్పుడూ అంతే, నవ్వించకుండా ఉండలేడు. ఆ వేళాకోళమే పన్నెండేళ్ళుగా నా చెవిలో ఉంది.

ఆయన పోయిన రోజు ఆస్పత్రి వరండాలో కాంపౌండరు గారు వచ్చి నిలబడితే, మా చెల్లెలు అందరి ముందూ అడిగింది. "ఆర్నెల్లకోసారి మా ఆయన ఊపిరి చూసి బాగుందని రాసింది నువ్వేగా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని రాశావు?" ఆయన తల వంచుకున్నారు. నేను ఆయన పక్కనే ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. మిల్లంతటికీ తిత్తినైన నాకు ఆ ఒక్క మాటకు ఊపిరి చాల్లేదు.

ఇంకొకటి ఉంది. ఇది చెల్లెలికి కూడా తెలియదు. తేలిక పని కార్డు ఉన్నవాడు సర్వీసులో ఉండగా పోతే, అది మిల్లు పని వల్ల వచ్చిన జబ్బు కింద లెక్క, భార్యకు బతికినంతకాలం సగం పింఛను వస్తుంది. ఫిట్టు అని రాసి ఉన్నవాడు యాభై ఎనిమిది నిండకుండా పోతే, వాడు కట్టుకున్నది మాత్రం వాపసు. ఇది రూల్సు పుస్తకం చివరి పేజీలో సన్నటి అక్షరాల్లో ఉంది. ఆ పుస్తకం ముప్పై నాలుగేళ్ళూ నా బల్ల మీదే ఉంది. దాని మీద టీ గ్లాసు పెట్టుకునేవాణ్ని. చివరి పేజీ చదివింది బావ పోయిన రెండో నెలలో.

కాబట్టి చెల్లీ, బావ చివరి మూడేళ్ళూ ఆ పొడిలో ఉండిపోవడానికి కారణం నేనే. ఆయన పోయాక నువ్వు పొద్దస్తమానం మిషను తొక్కి లంగాలు కుట్టుకుని బతకడానికి కారణం కూడా నేనే. ఎర్రగీత దగ్గర ఆగాల్సిన సూదిని నా ఊపిరితో ముందుకు తోశాను. క్షమించమని రాయను. రాస్తే ఆ బరువు కూడా నీ మీద వేసినట్టవుతుంది.

5. నా చెల్లెలికి: బావ ఇత్తడి బిళ్ళ, నంబరు 212. చివరి పరీక్ష తర్వాత దాన్ని బోర్డుకు తగిలించలేదు, నా జేబులోనే ఉండిపోయింది. మిల్లు వారు పోయిందని రాసుకున్నారు. మేనకోడలు ఉద్యోగంలో చేరినప్పుడు నాన్న నంబరే కావాలని అడిగితే, లేదని అబద్ధం చెప్పి కొత్త బిళ్ళ ఇచ్చాను. అది ఇంకే మేకుకూ వేలాడకూడదు. దాంతోపాటు మా ఆవిడ చీరలు, వంట సామాను, గోడలో అమర్చిన అద్దం. అద్దం ఊడదీసేటప్పుడు జాగ్రత్త, కింది మూల చిట్లి ఉంది.

6. నా మేనకోడలికి, వయస్సు ముప్పై ఆరు, మిల్లు పొడి షెడ్డులో పదకొండేళ్ళ సర్వీసు. తండ్రి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అని మిల్లు వారు దయతలిస్తే, ఆ దరఖాస్తు నింపిందీ నేనే. గోతాల హాల్లో ఖాళీ ఉన్నా, జీతం ఎక్కువని షెడ్డు రాశాను. నాకు బుద్ధి రావడానికి బావ ఒక్కడు సరిపోలేదన్నమాట.

పోయిన వారం అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మా ఇంటికి ఉన్నవి ఆరు మెట్లు. మూడో మెట్టు మీద ఆగి, చెప్పు సర్దుకుంటున్నట్టు వంగింది. ఆ వంగడం నాకు తెలుసు. వాళ్ళ నాన్న కూడా అలాగే వంగేవాడు. కాఫీ తాగాక అసలు సంగతి చెప్పింది. ఒకటో తేదీ పరీక్షలో గీత దాటేలా లేదు. లోడింగు పనిచేసే ఒకామె తన బదులు ఊదడానికి ఒప్పుకుంది. బిళ్ళ ఆమె చేతికి రావాలి, గేటు దగ్గర ఇప్పుడున్న గుమస్తా ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. "మామయ్యా, నువ్వొక్క మాట చెబితే చాలు. ఇప్పుడు జీతం తగ్గితే మళ్ళీ పెరగదు. ఇలా ఎంతమంది గట్టెక్కలేదు?"

పాపం, ఎవరు గట్టెక్కారో దానికి తెలియదు. తొమ్మిది మందిలో ఆరుగురు పింఛను మొహం చూడలేదు. ఇద్దరు రెండేళ్ళు చూశారు. ఒకాయన ఇంకా ఉన్నారు, ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని. నేను ఇదంతా చెప్పాల్సింది. చూద్దాంలే అన్నాను. అది మళ్ళీ మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి వెళ్ళిపోయింది. ఆ చూద్దాంలేకి జవాబే ఈ వీలునామా.

కనుక ఇందుమూలంగా రాయడమేమంటే: మూడో అంశంలో చెప్పిన తొమ్మిది డిపాజిట్లూ, నేను పోయేదాకా ఆగకుండా, చదివిన రోజు నుంచే, నా మేనకోడలికి చెందుతాయి. షెడ్డు జీతానికీ తేలిక పని జీతానికీ ఎంత తేడా ఉంటుందో అంత, నెలనెలా వాటిలోంచి ఆమె తీసుకోవాలి. తీసుకున్నదాంట్లో ఒక భాగం పింఛను కింద తగ్గబోయేదానికి బదులుగా విడిగా దాచుకోవాలి. తొమ్మిదేళ్ళకు సరిపోతుంది. ఆపైన నా దగ్గర లేదు. ఇది మామయ్య దయ కాదు. మీ నాన్న, ఆయన తోటివాళ్ళు బతకని ఏళ్ళ డబ్బు ఇది. ఆ ఏళ్ళు నువ్వు బతకాలి.

షరతు ఒక్కటే. ఊదుడు పరీక్షలో తన ఊపిరి తనే ఊదాలి. ఇంకొకరి చేత ఊదించుకున్న రోజున ఈ అంశం రద్దయి, డబ్బు మళ్ళీ ఫండుకే పోతుంది. ఆ సూపరింటెండెంటు ఎంత సంతోషిస్తాడో ఊహించుకో, అమ్మడూ. గేటు గుమస్తాకు నిన్న కబురు చేశాను, ఎవరి బిళ్ళ వాళ్ళ చేతికే ఇమ్మని. నా మాట ఒక్కటి చాలన్నావు కదా, ఆ ఒక్కటీ అలా వాడాను. కోపం తెచ్చుకో, ఫర్వాలేదు. ఆయాసపడకుండా తెచ్చుకో.

7. నా రెండు గదుల ఇల్లు, నా స్వార్జితం, నా తదనంతరం అమ్మి, మిగతా ఎనిమిది మంది కుటుంబాలకూ సమానంగా పంచాలి. పేర్లూ చిరునామాలూ కాంపౌండరు గారి దగ్గర ఉన్నాయి. నేను చెప్పినవి కావు, ఆయన ఎప్పుడో రాసి పెట్టుకున్నవే. డబ్బు ఇచ్చేటప్పుడు ఎందుకో చెప్పి మరీ ఇవ్వాలి. చెప్పాక ఎవరైనా వద్దంటే బతిమాలవద్దు.

8. పరీక్షకు పెట్టుకున్న నా టోపీని కాల్చేయాలి.

9. చివరిగా మీ ఇంట్లో ఉన్న ఆ పడక్కుర్చీ. అది నాది కాదు, దాన్ని రాసిచ్చే హక్కు నాకు లేదు. బావ రిటైరయ్యాక కూర్చుంటానని వాయిదాల మీద కొని, పాలిథిన్ కవరు విప్పకుండా మూలన పెట్టుకున్నాడు. ఒక్కరోజు కూర్చోవయ్యా అని ఎంత వేళాకోళం చేసినా, ఇంకా టైముందిలే అనేవాడు. పన్నెండేళ్ళుగా ఆ కవరు మీద దుమ్ము తుడుస్తున్నావు చెల్లీ, కవరు మాత్రం విప్పవు. నన్ను తిట్టడం అయ్యాక, ఎన్ని రోజులు పట్టినా సరే, ఆ కవరు విప్పు. అమ్మాయిని అందులో కూర్చోబెట్టు. పని చేసి వచ్చిన మనిషి కూర్చోడానికే కదా కొన్నది.

ఒకటో తేదీ పొద్దున నేను పరీక్ష గది బయట బల్ల మీద కూర్చుంటాను. లోపలికి రాను. నా ఊపిరి ఇప్పుడు అగ్గిపుల్ల ఆర్పడానికి కూడా పనికిరాదు, కాబట్టి ఎవరూ భయపడనక్కర్లేదు. నీది నువ్వే ఊదమ్మా. సూది ఎక్కడ ఆగితే అక్కడ ఆగనీ.

పైన రాసినదంతా నేను మళ్ళీ ఒకసారి చదువుకుని, కొట్టివేతలు లేవని చూసుకుని, సాక్షుల ముందు సంతకం చేశాను.

తేదీ: జూన్ ఇరవై మూడు, మంగళవారం, సాయంత్రం.

(సంతకం) టోకెన్ల గుమస్తా, రిటైర్డు. తిత్తి అంటే తెలుస్తుంది.

సాక్షులు:
1. కాంపౌండరు, మిల్లు ఆస్పత్రి, రిటైర్డు
2. పక్కింటి ప్రెస్సు కంపోజిటరు

అమలుదారు కింద రాసినది: జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం, పై వీలునామాను ఇద్దరి సమక్షంలో పూర్తిగా చదివాను. చెల్లెలు గారు మధ్యలో లేవలేదు. వెళ్ళేటప్పుడు నాకు మంచినీళ్ళు ఇచ్చారు. జులై ఒకటి, బుధవారం, పరీక్ష జరిగింది. వీలునామాదారూ నేనూ గది బయట బల్ల మీద ఉన్నాం. అమ్మాయి మూడుసార్లు ఊదింది. మూడూ తనవే. తేలిక పని కార్డు ఇచ్చారు. అందరం చెల్లెలు గారి ఇంటికి చేరేసరికి కుర్చీ వాకిట్లో ఉంది, కవరు లేదు. అమ్మాయి కూర్చుంది. చెల్లెలు గారు అన్నయ్యను లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనీ అనలేదు. ఆయన మెట్టు మీద కూర్చున్నారు.